ఎయిర్ ఇండియా 747 జంబో: 50 ఏళ్ల సర్వీసు, మారుతూ వచ్చిన రంగులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎయిర్ ఇండియా జంబోల, అంటే బోయింగ్ 747 విమానాల గురించి ఎవరు మాట్లాడినా ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. విమానాల గురించి ఏమీ తెలియని వాళ్లకి కూడా అర్థమయ్యేలా రాశా. వరసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఎయిర్ ఇండియా దగ్గర ఏయే 747లు ఉండేవి?

కొత్తగా కొన్నవి మూడు రకాలు. మొదట 747-237బి, ఇవి 11. తర్వాత 747-337 కాంబి రెండు, 1988లో వచ్చాయి. కాంబి అంటే ముందు భాగంలో ప్రయాణికులు, వెనక భాగంలో అదే ఫ్లోర్ మీద సరుకు, దానికోసం ఎడమ పక్క వెనకాల పెద్ద కార్గో డోర్ ఉంటుంది. ఆ తర్వాత 1993 నుంచి 1996 మధ్యలో 747-437లు ఆరు వచ్చాయి. ఇవి కాకుండా లీజుకి తీసుకున్నవి కూడా కొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

అందరూ 747-200, 747-400 అంటారు కదా, ఈ 237, 437 ఏంటి?

బోయింగ్ కంపెనీ తన దగ్గర విమానాలు కొన్న ప్రతి ఎయిర్‌లైన్‌కి ఒక కోడ్ ఇచ్చేది, ఎయిర్ ఇండియా కోడ్ 37. కాబట్టి 747-200 మోడల్‌ని ఎయిర్ ఇండియా కోసం తయారుచేస్తే అది 747-237, 400 అయితే 747-437. విమానం చేతులు మారి వేరే ఎయిర్‌లైన్‌కి వెళ్లినా ఆ కోడ్ మారదు, పుట్టినప్పుడు ఏ ఎయిర్‌లైన్ కోసం పుట్టిందో అదే చివరిదాకా ఉంటుంది. ఈ కోడ్‌ల పద్ధతిని బోయింగ్ 2016లో ఆపేసింది.

మొదటి జంబో ఎప్పుడొచ్చింది?

1971 ఏప్రిల్ 18న బొంబాయిలో దిగింది. పేరు ఎంపరర్ అశోక, రిజిస్ట్రేషన్, అంటే విమానం నంబరు, వీటీ-ఈబీడీ. అది వస్తుంటే పక్కన ఎయిర్ ఫోర్స్ మిగ్-21లు రెండు ఎస్కార్ట్‌గా వచ్చాయి. అప్పటి పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. 747 అనేది ప్రపంచంలో మొదటిసారి గాల్లోకి లేచింది 1969 ఫిబ్రవరిలో, అమెరికా ఎయిర్‌లైన్ పాన్ యామ్ దాన్ని సర్వీసులో పెట్టింది 1970 జనవరిలో, మనకి 1971కల్లా వచ్చేసింది. అప్పటిదాకా ఎయిర్ ఇండియా నడిపిన 707లో సీట్ల మధ్య నడిచే దారి ఒక్కటే, ఇందులో రెండు, పైన ఇంకో అంతస్తు, దానికి గుండ్రంగా తిరిగే మెట్లు. జేఆర్‌డీ టాటా అప్పటికి ఎయిర్ ఇండియా చైర్మన్, సర్వీసు విషయంలో చిన్న చిన్న వివరాల దాకా పట్టించుకునే మనిషి. ఆ శ్రద్ధ ఈ విమానం లోపలా కనిపించేది, బయటా కనిపించేది.

ఆ కిటికీల చుట్టూ ఉండే ఎర్ర డిజైన్ ఏంటి?

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు చెప్పడానికి ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. దాన్ని ఝరోఖా అంటారు, రాజస్థాన్ కోటల్లో, రాజమహళ్లలో ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉండే నగిషీల కిటికీ. విమానానికి ఆ చివర నుంచి ఈ చివర దాకా కిటికీల వరస మీదుగా ఎర్ర పట్టీ ఒకటి వెళ్తుంది, అందులో ఒక్కో కిటికీ చుట్టూ పైన మొన తేలిన కమాను ఆకారం గీసి ఉంటుంది. దూరం నుంచి చూస్తే మామూలు ఎర్ర పట్టీలాగే ఉంటుంది, దగ్గరికొచ్చేకొద్దీ ఒక్కొక్క కిటికీ విడిగా కనిపించి, మొత్తం విమానమే ఒక మహలులాగా అనిపిస్తుంది. ఆకాశంలో మీ రాజమహల్ అనే ప్రచారం కూడా దీనికి తగ్గట్టే చేశారు.

అప్పట్లో మిగతా ఎయిర్‌లైన్స్ ఏం చేసేవో చూడండి, తెల్లటి పైభాగం, కింద లోహం రంగు, మధ్యలో ఒక గీత, తోక మీద బొమ్మ, దాదాపు అందరిదీ అంతే. కిటికీ అనేది వాళ్లకి గీత మధ్యలో అడ్డొచ్చే రంధ్రం. మనవాళ్లు మాత్రం ఆ కిటికీనే తీసుకుని దాన్నే డిజైన్ చేశారు. విమానం బయట ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా కనిపించేది కిటికీ, దాన్ని అలంకరిస్తే విమానం మొత్తం అలంకరించినట్టే. నా దృష్టిలో పౌర విమానయానంలో వచ్చిన మంచి ఐడియాల్లో ఇదొకటి, ఈ మాట మనది కాబట్టి అనట్లేదు.

రంగులో ఇంకేం ఉండేవి?

ముందు భాగంలో ధనుర్ధారి, అంటే పైన విల్లు పట్టిన మనిషి కింద గుర్రం ఉండే సెంటార్ గుర్తు, ఎయిర్ ఇండియా పాత లోగో అది. పేరు ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క హిందీలో. ముక్కు దగ్గర ఆ విమానం సొంత పేరు. మహారాజా బొమ్మ వేరే సంగతి, దాన్ని 1946లో బాబీ కూకా, ఉమేష్ రావు కలిసి తయారుచేశారు. అది ప్రకటనల్లో, మెనూ కార్డుల్లో, బుకింగ్ ఆఫీసుల్లో ఎక్కువ కనిపించేది. లోగో, మస్కట్ ఒకటి కాదు, చాలామంది రెండూ కలిపేస్తుంటారు.

విమానాలకి చక్రవర్తుల పేర్లు పెట్టారంట, మనవాళ్లవి కూడా ఉన్నాయా?

ఉన్నాయి! వీటీ-ఈఎఫ్‌యూ పేరు కృష్ణదేవరాయ. ఇది తెలియని తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, రాయలవారి పేరుతో జంబో జెట్ లండన్, న్యూయార్క్ అంటూ తిరిగిందంటే ఎంత గొప్ప విషయం. 200 మోడల్ పేర్లు వరసగా చెప్తా: అశోక, షాజహాన్, రాజేంద్ర చోళ, విక్రమాదిత్య, అక్బర్, చంద్రగుప్త, కనిష్క, కృష్ణదేవరాయ, సముద్రగుప్త, మహేంద్రవర్మ, హర్షవర్ధన. కాంబిలు రెండిటికి శివాజీ, నరసింహవర్మ. ఉత్తరం, దక్షిణం రెండూ ఉన్నాయి, చోళులు, పల్లవులు, విజయనగరం అందరూ ఉన్నారు, ఈ లిస్టు రాసినవాళ్లు చరిత్ర పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చున్నారని అర్థమైపోతుంది.

ఎంపరర్ అశోక ఏమైంది?

1978 జనవరి 1 రాత్రి, ఫ్లైట్ 855, బొంబాయి నుంచి దుబాయ్. టేకాఫ్ అయిన కాసేపటికే బాంద్రా దగ్గర సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్న 213 మంది, 190 ప్రయాణికులు 23 సిబ్బంది, ఎవరూ బతకలేదు.

కారణం ఏంటంటే, విమానం ఎటు ఒరిగిందో చూపించే పరికరం ఒకటి పైలట్ ముందు ఉంటుంది. సముద్రం మీద కుడి వైపు తిరిగి మళ్లీ నిటారుగా వచ్చాక కూడా కెప్టెన్ ముందున్న ఆ పరికరం విమానం ఇంకా కుడికే ఒరిగి ఉన్నట్టు చూపించింది. దాన్ని సరిచేద్దామని ఎడమకి తిప్పుతూ పోయారు, విమానం నిజంగానే ఎడమకి విపరీతంగా ఒరిగిపోయింది. బయట చీకటి, కింద నీళ్లు, పైన ఆకాశం, ఆకాశానికి నీళ్లకి తేడా తెలిసే గీత కనిపించదు కాబట్టి కళ్లతో చూసి తెలుసుకునే అవకాశం లేదు. మన జంబో శకం మొదలుపెట్టిన విమానం ఏడేళ్లు కూడా నిండకుండా అలా పోయింది.

కనిష్క గురించి చెప్పండి.

1985 జూన్ 23. వీటీ-ఈఎఫ్‌ఓ, ఎంపరర్ కనిష్క, ఫ్లైట్ 182, మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ, బొంబాయి రావాలి. ఐర్లండ్ తీరానికి దూరంగా 31,000 అడుగుల ఎత్తులో సామాన్ల గదిలో పెట్టిన బాంబు పేలి అట్లాంటిక్‌లో కూలిపోయింది. 329 మంది చనిపోయారు, వాళ్లలో 268 మంది కెనడా పౌరులు, ఎక్కువమంది భారతీయ మూలాలున్న కుటుంబాలే, సెలవులకి ఇంటికొస్తున్న పిల్లలు చాలామంది. ఆ బాంబున్న సూట్‌కేసు వాంకూవర్‌లో చెకిన్ అయింది, దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. అదే రోజు జపాన్‌లో నరిటా ఎయిర్‌పోర్టులో ఇంకో బాంబు పేలి సామాన్లు దించే ఇద్దరు చనిపోయారు, అది కూడా వేరే ఎయిర్ ఇండియా విమానానికి ఎక్కాల్సిన సూట్‌కేసే. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సామాను కూడా దించేయాలన్న నియమాన్ని ప్రపంచమంతా కఠినంగా పట్టుకోవడానికి ఈ ఘటన పెద్ద కారణం.

ఫోటోల్లో కనిష్క ఎడమ రెక్క కింద ఇంకో ఇంజను ఎందుకుంది అని కొందరు అడుగుతారు. చివరి ప్రయాణంలో అది ఒక పాడైపోయిన ఇంజన్ని రిపేరు కోసం ఇండియాకి మోసుకొస్తోంది. 747లో ఎడమ రెక్కకి, బాడీకి దగ్గరగా ఐదో ఇంజన్ తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది, అది పనిచేసే ఇంజను కాదు, సరుకు మాత్రమే. ప్రమాదానికీ దానికీ సంబంధం లేదు.

ఐర్లండ్‌లో అహకిస్టా అనే తీరప్రాంత ఊరి దగ్గర వీళ్ల స్మారకం ఉంది. కెనడాలో జూన్ 23ని ఉగ్రవాద బాధితుల స్మృతిదినంగా పాటిస్తారు. సముద్రం మీద తేలుతున్న శకలాల ఫోటోలు దొరుకుతాయి, ఆ ఎర్ర ఝరోఖాలు వాటిలో గుర్తుపట్టచ్చు, కానీ వాటిని ఇక్కడ వర్ణించడం నాకు ఇష్టం లేదు.

ఇంకేమైనా 747లు పోయాయా?

విక్రమాదిత్య, వీటీ-ఈబీఓ. 1990 మే 7న లండన్ నుంచి వచ్చి ఢిల్లీలో దిగుతుంటే ఒకటో నంబర్ ఇంజన్ని పట్టుకునే భాగం విరిగి మంటలు లేచాయి. అందరూ బయటపడ్డారు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు.

1989లో రంగు మార్చి మళ్లీ పాతదే ఎందుకు వేశారు?

1989లో కొత్త రంగుల స్కీమ్ తెచ్చారు, మొత్తం తెలుపు, ఎర్ర తోక, దాని మీద బంగారు రంగు సూర్యుడు. ఝరోఖాలు లేవు. సుమారు సగం విమానాలకి వేశారు, వాటిలో జంబోలు కూడా ఉన్నాయి. జనానికి నచ్చలేదు, పాత రంగులు తీసేశారేంటని ఫిర్యాదులు వచ్చాయి. రెండేళ్లకే దాన్ని వదిలేసి మళ్లీ ఝరోఖాలున్న పాత రాజమహల్ స్కీముకి వచ్చేశారు.

విడిగా చూస్తే 1989 డిజైన్ చెడ్డదేం కాదు, శుభ్రంగా ఉంటుంది, ఆ కాలంలో ప్రపంచమంతా తెల్ల విమానాల వైపే వెళ్తోంది. కానీ అది ఏ దేశం విమానమైనా అయి ఉండచ్చు అనిపించేది. ప్రయాణికుల మాట విని వెనక్కి తగ్గడం ఎయిర్‌లైన్స్‌లో అరుదు, ఆ విషయంలో ఎయిర్ ఇండియాని మెచ్చుకోవాల్సిందే.

747-400లకి చక్రవర్తుల పేర్లు ఎందుకు లేవు?

వాటికి వచ్చేసరికి ప్రసిద్ధ కట్టడాల, ఊర్ల పేర్లు పెట్టారు: కోణార్క్, తంజావూర్, ఖజురహో, అజంతా, ఆగ్రా, వెల్హా గోవా. మొదటిది వీటీ-ఈఎస్‌ఎం కోణార్క్, 1993లో వచ్చింది. ఇవి ఫ్యాక్టరీ నుంచే ఝరోఖాలతో వచ్చాయి. కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ సీటు పోయి ఇద్దరు పైలట్లే అయ్యారు, రెక్కల చివర్లు పైకి తిరిగాయి, ఎక్కువ దూరం పోగలవు. సీట్లు మొత్తం 423.

ప్రధానమంత్రి వెళ్లే విమానం ఇదేనా?

ఒకప్పుడు అవును. రాష్ట్రపతి, ప్రధానమంత్రి విదేశాలకి వెళ్లాలంటే ఈ 747-400ల్లో ఒకదాన్ని సిద్ధం చేసేవాళ్లు, లోపల మార్పులు చేసేవాళ్లు, బయట మాత్రం మామూలు ఎయిర్ ఇండియా రంగే ఉండేది. పర్యటన అయిపోయాక మళ్లీ సీట్లు పెట్టి మామూలు సర్వీసుకి పంపేవాళ్లు. 2020లో ప్రత్యేకంగా రెండు బోయింగ్ 777-300ఈఆర్‌లు వచ్చాక ఆ పని వాటికి వెళ్లింది, వాటి మీద అశోక స్తంభం గుర్తు, హిందీలో భారత్ అని, ఇంగ్లీషులో ఇండియా అని, తోక మీద జెండా ఉంటాయి.

2007లో ఏం మారింది?

ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాయి, అప్పటికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరు ఇండియన్ అని మార్చుకుంది. తోక మీద ఎగిరే ఎర్ర హంస, దాని లోపల నారింజ రంగు కోణార్క్ చక్రం. హంస ఆకారం పాత ధనుర్ధారి నుంచి, చక్రం ఇండియన్ లోగో నుంచి వచ్చాయి. బాడీ మీద ఎరుపు, నారింజ గీతలు రెండు పక్కపక్కనే, రెండు సంస్థలు ఒక్కటయ్యాయని చెప్పడానికి. పేరు మధ్యలో పాత ఫోటోల్లో కనిపించే అడ్డగీత కూడా పోయింది. ముఖ్యంగా ఝరోఖాలు మాత్రం ఉంచారు! 1989 అనుభవం తర్వాత వాటి జోలికి వెళ్లకపోవడం తెలివైన పని.

ఆ రంగులతో వచ్చిన మొదటి కొత్త విమానాల్లో ఒక 777-200ఎల్ఆర్ ఉంది, వీటీ-ఏఎల్ఏ, దాని పేరు ఆంధ్రప్రదేశ్. ఆ సిరీస్‌కి రాష్ట్రాల పేర్లు పెట్టారు.

కొత్త రంగు వచ్చాక కూడా పాత రంగు విమానాలు ఏళ్ల తరబడి ఎందుకు తిరుగుతాయి?

ఎందుకంటే రంగు వేయడం అంటే విమానాన్ని కొన్ని రోజులు పూర్తిగా ఆపేయడం, ఆపితే ఆదాయం పోతుంది. అందుకని పెద్ద మెయింటెనెన్స్ చెక్ ఎలాగూ ఉన్నప్పుడు ఆ పనిలో పనిగా రంగు కూడా మారుస్తారు, ఆ చెక్ ఒక్కో విమానానికి ఒక్కో టైములో వస్తుంది. ముందు పాత రంగు రసాయనాలతోనో, గీకో తీసేయాలి, పాతదాని మీద కొత్తది వేస్తూ పోతే బరువు పెరిగిపోతుంది, జంబో అంత విమానానికి రంగు బరువే వందల కిలోలు. తర్వాత ప్రైమర్, తర్వాత అసలు రంగు, ఒక్కో రంగుకి విడిగా మాస్కింగ్, అంటే మిగతా చోట్ల రంగు పడకుండా మూసేయడం. ఝరోఖా అయితే ప్రతి కిటికీ దగ్గరా ఆ వంపు సరిగ్గా రావాలి, ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

రంగు అంటే అందం ఒక్కటే కాదు, లోహం తుప్పు పట్టకుండా కాపాడేదీ అదే. రడ్డర్ (తోకకి ఉండే కదిలే పలక) లాంటి కదిలే భాగాలకి రంగు వేశాక బ్యాలెన్స్ మళ్లీ చూడాలి, ఎందుకంటే కొద్ది బరువు తేడా వచ్చినా గాల్లో అదిరే ప్రమాదం ఉంటుంది. గాలి ఒత్తిడిని కొలిచే చిన్న రంధ్రాలకి అంటించిన టేపు మర్చిపోకుండా తీసేయాలి. 1996లో పెరూ దేశపు ఎయిర్‌లైన్ ఏరోపెరూ వాళ్ల బోయింగ్ 757 ఒకటి శుభ్రం చేసినప్పుడు వేసిన టేపు తీయకపోవడం వల్ల ఎత్తు, వేగం తప్పుగా చూపించి సముద్రంలో కూలింది, 70 మంది పోయారు.

పాత ఫోటో దొరికింది, ఏ మోడలో ఏ కాలమో ఎలా చెప్పాలి?

ముందు వీపు మీద మూపురం చూడండి, అంటే పై అంతస్తు. పొట్టిగా ఉంటే 200. పొడుగ్గా ఉండి రెక్కల చివర్లు మామూలుగా ఉంటే 300 కాంబి. పొడుగ్గా ఉండి రెక్కల చివర్లు పైకి తిరిగి ఉంటే 400. తర్వాత రంగు: ఝరోఖాలు, ధనుర్ధారి ఉంటే 2007కి ముందుది, తోక మీద సూర్యుడుంటే 1989 నుంచి రెండేళ్లలోపు వేసింది, హంస ఉంటే 2007 తర్వాత. 400 మోడల్ అయితే 1993కి ముందు ఫోటో అయ్యే ఛాన్సే లేదు. రంగు ఒక్కదాన్ని నమ్మి సంవత్సరం తేల్చేయకండి, పైన చెప్పినట్టు పాత రంగు చాలా ఏళ్లు ఉండిపోతుంది. రిజిస్ట్రేషన్ కనిపిస్తే ఇంక డౌటే ఉండదు.

చివరి రోజుల్లో ఇవి ఏం చేశాయి?

777లు వచ్చాక లండన్, న్యూయార్క్ లాంటి దూరపు రూట్లు వాటికి వెళ్లిపోయాయి. నాలుగు ఇంజన్లు తాగే ఇంధనం ముందు రెండు ఇంజన్ల విమానం ఎప్పుడూ చవక. జంబోలు గల్ఫ్ రూట్లకి, హజ్ యాత్రకి, కొన్నిసార్లు దేశంలోపలే రద్దీ రూట్లకి తిరిగాయి. కానీ అవసరం పడినప్పుడు వీటినే పిలిచారు. 2020 ఫిబ్రవరి మొదట్లో కరోనా అప్పుడే మొదలవుతుంటే వూహాన్‌కి 747ని రెండుసార్లు పంపారు, మొదటిసారి 324 మందిని, రెండోసారి 323 మంది భారతీయులని, ఏడుగురు మాల్దీవుల వాళ్లని తీసుకొచ్చారు. ఆ ఊరి పేరు చెప్తేనే అందరూ భయపడుతున్న టైములో పైలట్లు, క్రూ, డాక్టర్లు అందులో వెళ్లారు. నాకైతే ఈ విమానాల చరిత్రలో ఏ రాజసం కన్నా ఇది పెద్దది.

చివరి ప్రయాణికుల ఫ్లైట్ 2021లో, ఢిల్లీ నుంచి ముంబై.

2023లో వచ్చిన కొత్త రంగు 747కి వేయలేదా?

లేదు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి తిరిగి వెళ్లింది, 2023 ఆగస్టులో ఎరుపు, వంకాయ రంగు, బంగారు రంగులతో కొత్త స్కీమ్ ప్రకటించారు, అప్పటికే 747లు సర్వీసులో లేవు. కొత్త లోగో ఒక బంగారు కిటికీ చట్రం పై కొన నుంచి తీసుకున్నారు, అంటే కిటికీ ఆలోచన ఇంకా ఉంది. కానీ కిటికీల చుట్టూ కమానులు లేవు. కొత్తది బాగుంది, ఎయిర్‌బస్ ఏ350 మీద చూస్తే ఇంకా బాగుంది, అయినా ఆ కమానులు ఉండాల్సిందనే నా అభిప్రాయం.

747-400ల్లో ఒకటైన ఆగ్రా, వీటీ-ఈవీఏ, 2024 ఏప్రిల్ 22న ముంబై నుంచి అమెరికాకి బయల్దేరింది, విడిభాగాల కోసం విప్పేయడానికి. టేకాఫ్ అయ్యాక పైలట్లు రెక్కలు అటూ ఇటూ ఊపి వీడ్కోలు చెప్పారు, వీడియో వెతికితే దొరుకుతుంది. దాని మీద అప్పుడు హంస స్కీమే ఉంది.

నేను స్కేల్ మోడల్ చేస్తున్నా, ఏ స్కీమ్ ఎంచుకోమంటారు?

మొదటిసారి అయితే 747-400, హంస స్కీమ్ తీసుకోండి, కిట్లు తేలిగ్గా దొరుకుతాయి. అనుభవం ఉంటే 200 మోడల్ రాజమహల్ స్కీమే చేయండి, కృష్ణదేవరాయ పేరుతో చేస్తే మరీ మంచిది. ఝరోఖాలు చేత్తో వేయాలని చూడకండి, డెకాల్ (మోడల్ మీద అతికించే పల్చటి బొమ్మ) వాడండి, అది కూడా చిన్న చిన్న ముక్కలుగా కోసి రెక్క దగ్గర నుంచి ముందుకీ వెనక్కీ అతికించుకుంటూ వెళ్లండి, ఒకటే పొడుగు పట్టీగా వేస్తే చివరికొచ్చేసరికి కిటికీలకి కమానులకి లైను తప్పుతుంది. పేరు ఒక పక్క హిందీ, ఒక పక్క ఇంగ్లీషు అన్నది మర్చిపోవద్దు, రిజిస్ట్రేషన్ రెక్క కింద కూడా ఉంటుంది. డెకాల్ షీటులో ఉన్న పేరు, మీరు వేసే రిజిస్ట్రేషన్ ఒకే విమానానివో కాదో అతికించే ముందే సరిచూసుకోండి.